తక్కువ ఖర్చుతో మాల్దీవులు చూడగలమా?

చూడొచ్చు, రిసార్ట్ ఆశ వదులుకుంటే. అక్కడ చాలావరకు ఒక్కో రిసార్ట్‌కి ఒక్కో దీవి. దూరపు వాటికి సీప్లేన్‌లో (నీటిమీద దిగే విమానం) వెళ్లిరావడానికే వందల డాలర్లు వదులుతాయి.

2009 తర్వాత స్థానికులు నివసించే దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లు వచ్చాయి. మాఫుషి ఆ దీవుల్లో పేరున్నది. రాజధాని మాలే నుంచి ప్రభుత్వ ఫెర్రీలో గంటన్నర పైచిలుకు ప్రయాణం, టికెట్ కొద్ది డాలర్లే. స్పీడ్‌బోటులో త్వరగా చేరతారు కానీ రేటు ఎన్నో రెట్లు. శుక్రవారం సాధారణంగా ఫెర్రీలు ఉండవు, విమానం బుక్ చేసేముందే ఇది చూసుకోండి.

గది అద్దె చూసి మురిసిపోవద్దు. దానిపై 17 శాతం పన్ను, సాధారణంగా 10 శాతం సర్వీస్ ఛార్జీ, చిన్న గెస్ట్‌హౌసైతే మనిషికి రోజుకి 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ కూడా పడతాయి. అన్నీ కలిపి ఎంతో ముందే అడగండి.

తిండికి ఊళ్లోని చిన్న హోటళ్లే మేలు. పొద్దున్నే మస్ హుని దొరుకుతుంది: ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లి, మిర్చి, నిమ్మరసం కలిపి, చపాతీలాంటి రోషితో పెడతారు. చేపలు తినేవాళ్లకి పండగే. శాకాహారులు మాత్రం కందిపొడి, పచ్చళ్లు సర్దుకోవాల్సిందే!

స్థానికులుండే ఈ దీవుల్లో మద్యం నిషేధం. ఈత దుస్తులు బికినీ బీచ్ (పర్యాటకులకి కేటాయించిన బీచ్) వరకే. మనకి పర్యాటక వీసా అక్కడ దిగాకే ఉచితంగా ఇస్తారు.