గొడవ జరగకపోతే రెచ్చగొట్టే ప్రసంగం నేరం కాదా?

ఎవరికీ దెబ్బ తగలకపోయినా అది నేరమే. అల్లర్లు రేగాలని కావాలనే రెచ్చగొడితే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 192 కింద అల్లర్లు జరిగితే ఏడాది వరకు, జరగకపోయినా 6 నెలల వరకు జైలు పడొచ్చు, ఎందుకంటే మైకులో నాయకుడన్న మాటను గుంపులో ఒక్కడు ఆదేశంగా తీసుకున్నా ప్రాణాలు పోతాయి, అప్పుడు కేసు పెట్టి ఏం లాభం?

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగువాళ్ల మీటింగ్‌లో ఒకాయన "అవతలి పార్టీవాళ్ల ఇళ్ల మీద పడి కొట్టండి" అన్నాడనుకోండి. జనం చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయినా, ఆ పార్టీ ఆంధ్రాదే అయినా, అక్కడి పోలీసులు కేసు పెట్టొచ్చు.

వాక్‌స్వాతంత్ర్యం ఉంది కదా అంటారు చాలామంది. నిజమే, కానీ రాజ్యాంగం 19(2) అధికరణం నేరానికి పురిగొల్పే మాటలపై ఆంక్షలకు వీలిచ్చింది. ఘాటుగా విమర్శించడం పూర్తిగా వేరు.