వీడియో పోకర్‌లో ఏ ముక్కలు ఉంచుకోవాలి?

లాస్ వేగస్ వెళ్లే హైదరాబాదీలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈ ఆటలో మెషీన్ ఐదు ముక్కలిస్తుంది, కావాల్సినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవచ్చు. ముందు మెషీన్ మీది చెల్లింపుల పట్టిక చూడండి. 'జాక్స్ ఆర్ బెటర్'లో (కనీసం జాకీల జత వస్తేనే డబ్బిచ్చే రకం) కాయిన్‌కి ఫుల్ హౌస్‌కు (ఒకే విలువవి మూడు, మరో విలువవి రెండు) 9, ఫ్లష్‌కు (ఐదూ ఒకే గుర్తువి) 6 ఇస్తుంటే, ఐదు కాయిన్లూ పెట్టి తప్పు లేకుండా ఆడితే దీర్ఘకాలంలో సుమారు 99.5 శాతం తిరిగొస్తుంది. 8, 5 ఇచ్చేదాంట్లో 97.3 శాతమే, దాన్ని వదిలేయండి.

రమ్మీలో పెద్ద ముక్కలు ముందే పారేస్తాం, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. జాకీ, ఆపై ముక్కల జత వస్తే, ఫ్లష్‌కి ఒక్క ముక్కే తక్కువున్నా జతనే ఉంచండి. చిన్న జతైతే ఫ్లష్‌కే వెళ్లండి. అయినా ఒంటరి ఆసు కన్నా చిన్న జతే నయం. జతకి తోడుగా ఆసును మాత్రం ఎప్పుడూ ఉంచకండి. రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తు పది, జాకీ, రాణి, రాజు, ఆసు) నాలుగు ముక్కలుంటే, చేతికొచ్చిన మామూలు ఫ్లష్‌నైనా విడగొట్టాల్సిందే.