వారం అద్దెను నాలుగుతో గుణించకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, లండన్‌లో ఏడాది మాస్టర్స్‌కి సీటొచ్చింది. ముగ్గురు ఉండే ఇంట్లో ఒక గది చూశాను, వారానికి 210 పౌండ్లు, అంటే నెలకు 840. తిండికీ తిరగడానికీ 250 వేసుకుంటే 1,100 లోపే తేలుతోంది. వీసాకేమో నెలకు 1,529 చొప్పున 9 నెలలకు 13,761 పౌండ్లు చూపించాలట. నిజంగా అంత అవుతుందా? తగ్గితే పార్ట్‌టైమ్ చేసుకుంటాను. నాన్న ఎంత అప్పు తీసుకోవాలో తేల్చుకోవాలి, సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే చెప్తాను, 1,100 సరిపోదు. తప్పు అద్దె దగ్గరే మొదలైంది. నెలకు నాలుగు వారాలంటే ఏడాదికి 48 వారాలే లెక్కేసినట్టు, కానీ ఉండేవి 52. 210ని 52తో గుణించి 12తో భాగించు, నెలకు 910 వస్తుంది. నెలకు 70 తేడా, ఏడాదికి 840. అంటే నువ్వు అనుకున్న ఒక నెల అద్దె మొత్తం లెక్కలోంచి జారిపోయిందన్నమాట.

ఆ 210లో కరెంటు, గ్యాస్, వైఫై కలిసి ఉన్నాయో లేదో అడిగావా? లేకపోతే ఆ ఇంట్లో ఉన్నది ముందు డబ్బు వేసి వాడుకునే మీటరా అని కూడా అడుగు. నేను అలాంటి ఇంట్లో ఉన్నాను. సెలవులకు అందరం వెళ్లి మూడు వారాల తర్వాత వచ్చాం, ఇల్లంతా చలి. వీధి చివర షాపులో మీటరు కార్డు మీద 10 పౌండ్లు వేయించుకొచ్చి పెడితే, తెర మీద కనిపించింది సగం కూడా లేదు. ఎవరూ ఏమీ వాడకపోయినా స్టాండింగ్ చార్జీ అని రోజూ కొంత పడుతూనే ఉంటుంది, ఆ బాకీ పోగా మిగిలింది అదే. అందుకే బిల్లులు కలిపి ఉన్న గది కాస్త ఎక్కువ చెప్పినా నాకు అదే నయమనిపిస్తుంది.

కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను, దాని సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో ఉండేవాళ్లంతా ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ పన్ను ఉండదు. విద్యార్థి కాకుండా ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరున్నా ఇంటికి బిల్లు వస్తుంది, అలా ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు మాత్రం ఉంటుంది. చట్టప్రకారం దాన్ని కట్టాల్సింది ఆ ఉద్యోగం చేసేవాళ్లే, కానీ అందరం పంచుకుందాం అని నీ మీద కూడా వేస్తారేమో చూసుకో.

దిగిన రోజు ఖర్చు నెలవారీ లెక్కలో కలపకు, విడిగా రాసుకో. డిపాజిట్ గరిష్ఠంగా ఐదు వారాల అద్దె, అంటే 1,050. మొదటి నెల అద్దె 910. తాళం చేతికి రావడానికే 1,960 పౌండ్లు. ఆ డిపాజిట్‌ను ఇంటి ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో నమోదు చేయించాలి, ఆ వివరాల కాగితం అడిగి తీసుకో. గది చూడకుండా ఇండియా నుంచే డబ్బు మాత్రం పంపకు, దయచేసి.

తిరగడానికి బస్సే మేలు. 2025లో ఒకసారి ఎక్కితే 1.75 పౌండ్లు, మొదటి బస్సెక్కిన గంటలోపు ఇంకో బస్సు మారినా అదే చార్జీ. రోజూ వెళ్లి వస్తే నెలకు 22 రోజులకు 77. చార్జీ కట్టడానికి బస్సులోని మెషీన్‌కు ఒకసారి ఫోను, ఒకసారి కార్డు అలా మార్చి మార్చి తాకించకు, వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది, రోజుకు ఇంతకు మించి చార్జీ పడదనే పరిమితి లాభం పోతుంది.

ఇక పార్ట్‌టైమ్. వీసా ప్రకారం చదువు నడిచే రోజుల్లో నువ్వు చేయగలిగింది వారానికి 20 గంటలే. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు ఉండేది, ఆ లెక్కన వారానికి 244. కాగితం మీద బాగుంది. కానీ జాబ్ దొరకడానికి రెండు మూడు నెలలు పట్టినవాళ్లు నా చుట్టూ ఎంతోమంది, దొరికాక కూడా ప్రతి వారం 20 గంటలు ఇస్తారన్న భరోసా లేదు. పైగా వేసవిలో ఫుల్‌టైమ్ చేసి కూడబెడదాం అనుకుంటారు, మాస్టర్స్ వాళ్లకు సాధారణంగా వేసవంతా డిసర్టేషనే, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసం, అది సెలవు కిందికి రాదు, ఆ 20 గంటల హద్దు అప్పుడూ ఉంటుంది. దాటితే వీసాకే ముప్పు. అందుకే జీతాన్ని అద్దెకు ఆధారం చేసుకోకు. వస్తే అప్పు తీర్చడానికి పనికొస్తుంది.

నా అంచనాలో అద్దె 910, బిల్లులు 70, వండుకుని తింటే 220, బస్సు 80, ఫోను 15. దాదాపు 1,300. చలికోటు, మందులు, ఎప్పుడైనా స్నేహితులతో బయట తిండి, వీటికి ఇంకో వంద. నెలకు 1,400 చొప్పున 12 నెలలకు 16,800, డిపాజిట్ కలిపితే 17,850. వీసాకు చూపించేది 9 నెలలకే, నీ కోర్సు 12 నెలలు, ఆ తేడా గుర్తుపెట్టుకో. ఫీజు కాకుండా నాన్నకు చెప్పాల్సిన అంకె ఇదే. డిపాజిట్ వెనక్కి వచ్చే డబ్బేనని కూడా చెప్పు, ఆయనకు కాస్త టెన్షన్ తగ్గుతుంది.