వీడియో చూసి అమ్మ థైరాయిడ్ మాత్ర మానేసింది

ప్రశ్న: మా అమ్మకి యాభై ఎనిమిదేళ్లు. చాలా ఏళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్ర వేసుకుంటోంది. మూడు వారాల కిందట ఏదో వీడియో చూసి అది మానేసి, అందులో చెప్పిన క్యాప్సూల్స్ తెప్పించుకుంది. 'హాయిగానే ఉంది, ఇన్నాళ్లూ అనవసరంగా మింగాను' అంటోంది. నేను గట్టిగా అరిచేసరికి మాట్లాడటం మానేసింది. రాత్రంతా ఫోన్లో వెతుకుతూ టెన్షన్ పడుతున్నాను. ఏది నమ్మాలి?

జవాబు: ముందు మాత్ర సంగతి చూద్దాం. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి ఎప్పుడు మానేశారో, ఏ క్యాప్సూల్స్ వాడుతున్నారో, గుండె జబ్బు ఉంటే అది కూడా చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. విపరీతమైన మత్తు, తికమక మాటలు, ఒళ్లు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే మాత్రం ఫోన్లు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ అమ్మగారు 'హాయిగా ఉంది' అనడం అబద్ధమేం కాదు. ఆ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ ఒంట్లోంచి చాలా మెల్లగా పోతుంది, మానేసి వారమైనా సుమారు సగం మిగిలే ఉంటుంది. డోసు మార్చినప్పుడు కూడా అందుకే 6 నుంచి 8 వారాలు ఆగి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) పరీక్ష చేయిస్తారు. 'మానేసి పది రోజులైంది, చక్కగా ఉన్నాను' అని వీడియోల్లో చెప్పేవాళ్లు నిజమే చెబుతుండొచ్చు, కానీ ఆ పది రోజులూ వాళ్లని నడిపించింది పాత మాత్రే.

ఇప్పుడు ఆ క్యాప్సూల్స్ డబ్బా తిప్పి, వెనక బయోటిన్ (ఒక రకం బి విటమిన్) అని రాసి ఉందేమో చూడండి. జుట్టుకీ గోళ్లకీ మంచిదని అమ్మేవాటిలో ఇది చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది, కొన్ని రక్తపరీక్షల్ని తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్ అసలున్న దానికంటే తక్కువగా చూపించేలా కూడా చేయగలదు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనూ, మళ్లీ 2019లోనూ దీని గురించి హెచ్చరించింది. 'నా రిపోర్టు నార్మల్‌కొచ్చింది చూడండి' అని చూపించే కాగితాన్ని నేను రుజువుగా తీసుకోనిది ఇందుకే. మీరు పరీక్షకి వెళ్లేటప్పుడు కూడా ఈ సంగతి ముందే చెప్పండి.

మీ అమ్మగారిని పూర్తిగా తప్పుపట్టకండి, ఎందుకంటే ఆ వీడియోలో ఒక పాలు నిజం ఉండొచ్చు. ప్రసవం తర్వాత కొన్నాళ్లు థైరాయిడ్ తేడా వచ్చినవాళ్లు, టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగినవాళ్లు కొందరు డాక్టర్ పర్యవేక్షణలో మాత్ర ఆపగలుగుతారు. ఆ కొందరి సంగతిని అందరికీ అంటగట్టడంలోనే ఉంది ప్రమాదం. అందుకే నేను ఏది చదివినా, ఇది ఎవరికి పనికిరాదో చెప్పారా అనేది మొదట చూస్తాను. అది చెప్పకుండా కింద కొనడానికి లింకు మాత్రం పెట్టారంటే ఇంకేం చూడక్కర్లేదు. పేరు ముందు డాక్టర్ అని ఉన్నా, ఏ విభాగంలో డాక్టరో అడగాల్సిందే.

మీ రాత్రి వెతుకులాటలో కూడా జాగ్రత్త. 'థైరాయిడ్ మాత్ర మానేయడం ఎలా' అని కొడితే మానేయమని చెప్పేవే ఎక్కువ వస్తాయి, 'మానేస్తే ఏమవుతుంది' అని అడిగి చూడండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్‌లో ప్రకటనలుండవు, మందుల గురించి అక్కడ చూసుకోవచ్చు.

అరిచినందుకు మీరే వెళ్లి మాట కలపండి. వీడియో తప్పని నిరూపించడానికి కాదు, అసలు మాత్ర వేసుకునేటప్పుడు ఏం ఇబ్బంది పడిందో అడగడానికి. నీరసం, జుట్టు రాలడం, బరువు అంటూ ఆమె బాధలన్నీ వీడియోలో మనిషి ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పి ఉంటాడు, డాక్టర్ దగ్గరేమో రిపోర్టు బాగుందనే మాటతో సరిపోయి ఉంటుంది. ఆ బాధలన్నీ కాగితం మీద రాసుకుని ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లండి. కాల్షియం, ఐరన్ మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారేమో కూడా చెప్పండి, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం లేకపోతే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటబట్టదు, ఆమె నీరసం తగ్గకపోవడానికి అది కూడా కారణమై ఉండొచ్చు.