పొడపత్రి వేస్తానన్న బిడ్డకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నర్సంపేట చేనులో అరెకరం పత్తి తీసేసి, షుగరుకు వాడే పొడపత్రి తీగ వేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంబరపడ్డాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొమ్మలతోనే నాటు. దూది కట్టుకుని గాలికెగిరే ఆ గింజలకు మొలిచే సత్తువ త్వరగా పోతుంది. ఆకురాల్చే అడవిలో పొదల మీదుగా చెట్లెక్కే తీగ కదా, గట్టు మీది కానుగలను కొట్టించకు, వాటికే పాకించు. మాను కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఓపిక పట్టు.

ఇక నా భయం. మీ పెదనాన్నకు షుగరు వచ్చిన కొత్తలో, ఎవరో చెప్పారని మాత్ర వేసుకుంటూనే రోజూ పొద్దున ఈ ఆకు నమిలేవాడు. డాక్టరుకు చెప్పలేదు. ఒకనాడు ఏమీ తినకుండానే మిరపచేనుకు వెళ్లాడు. నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి గట్టు మీద కూలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, షుగరు మరీ పడిపోయిందన్నమాట. సద్దిలోని బెల్లం ముక్క నోట్లో పెడితే మట్టిలా ఉందని ఉమ్మేశాడు! అప్పుడే మళ్లీ ఆకు నమిలాడట. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకు తీపి తెలియకుండా చేస్తాయి. ప్రాణం నిలిపే బెల్లాన్నే నోరు వద్దంది. దవడ పట్టుకుని, తిట్టి, బతిమాలి మింగించాను. ఎంత మొండి మనిషో నీకు తెలుసు.

అందుకే చెబుతున్నాను. ఆకు అమ్ముకో, కానీ మాత్రలు మానేసి దీన్ని తినమని ఎవరికీ చెప్పకు. మాత్రలతో కలిపి తినాలన్నా ముందు డాక్టరును అడగమను. మీ నాన్నకు మరీ గట్టిగా చెప్పు, ఆయనా అన్న బాటలోనే నడిచే మనిషి.

తీగ దొరికిందని నమిలి గుర్తుపట్టే పని కూడా పెట్టుకోకు. ఎదురెదురు ఆకులు చాలా తీగలకు ఉంటాయి, వాటిలో విషపువీ ఉన్నాయి. మెత్తని నూగు, పసుపు పూల చిన్న గుత్తులు, జంట కాయలు చూసి పోల్చుకో.

కొమ్మల కోసం పాకాల అడవికి మాత్రం పోవద్దు. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి మొక్కను తీయకూడదు. పైగా వేరుతో పీకేవాళ్ల వల్ల అడవిలో ఈ తీగ పలచబడుతోంది. మన పెరటి కంచె మీద ముదురు తీగ ఉంది. వానలు పడగానే వచ్చి కావలసినన్ని కొమ్మలు కోసుకో. పెదనాన్న తడి గోనెలో చుట్టి ఇస్తానంటున్నాడు.

మీ పెద్దమ్మ