వత్తు దగ్గర ఆగిపోయే పాపకు

రెండో తరగతి పాప గుణింతాలు గడగడా అప్పజెపుతుందని, పుస్తకం తెరిస్తే మాత్రం వత్తు రాగానే ఆగిపోతుందని రాశారు. కంగారు పడకండి, చిక్కంతా లిపిలోనే ఉంది. ద, ప, చ వత్తులు వాటి అక్షరాల్లాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులకు అక్షరంతో పోలికే ఉండదు. ఈ ఆరింటినీ విడిగా, రోజుకొకటి చొప్పున చూపించండి.

మీరుండేది విశాఖలోనే కదండీ, బస్సు బోర్డులు చదివించండి. ముందు సిరిపురం, గాజువాక: వీటిలో వత్తే లేదు. తరువాత మద్దిలపాలెం, ఆపైన అక్కయ్యపాలెం. ద్వారకానగర్ చివర్లో; అక్కడ ద కింద వేరే అక్షరం వత్తు వస్తుంది, పైగా ఆఖర్న పొల్లు కూడానూ.

రాత్రి కథ మాటల కింద వేలు కదుపుతూ ఒక వాక్యం మీరు, ఒకటి పాప చదవండి. తడబడితే వెంటనే అందించకుండా కాస్త ఆగండి. చుట్టాల ముందు "ఏదీ, చదివి వినిపించు" అనడం మాత్రం ఈరోజే మానేయండి. నా లెక్కలో సగం భయం అక్కడే పుడుతుంది. పుస్తకాలు కొననక్కరలేదు, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌ సైటులో తెలుగు కథలు ఉచితం. మొదటి స్థాయివి తీసుకోండి.