కూబర్ పీడీ వెళ్తే ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటాడు. డిసెంబర్‌లో కారులో అక్కడి ఎడారి ఊరు కూబర్ పీడీ పోదామంటున్నాడు. ఏమేం చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వీలైతే జూన్–ఆగస్టుకు మార్చుకోండమ్మా. డిసెంబర్‌లో అక్కడ మన మే నెల ఎండలే, 40 డిగ్రీలు దాటుతాయి. అందుకే జనం కొండ తొలిచి ఇళ్లు కట్టుకున్నారు. లోపల ఏడాదంతా 25 డిగ్రీల లోపే. ఒక రాత్రయినా అలాంటి గదిలో ఉండండి. భూగర్భ చర్చి తప్పక చూడాలి.

1915 నుంచీ ఓపల్ (రంగులు మెరిసే రత్నం) రాళ్ల ఊరది. జ్యువెలర్స్ షాప్ రోడ్డు దగ్గర గనుల మట్టిదిబ్బల్లో ఎవరైనా రాళ్లు ఏరుకోవచ్చు. నీళ్లు చల్లి చూడండి, తడిస్తేనే రంగు తేలుతుంది. వేరేవాళ్ల హద్దులోకి మాత్రం పోవద్దు. గని గుంతలకు కంచె ఉండదు, ఫొటో కోసం వెనక్కి అడుగేస్తే ప్రాణమే పోతుంది. సాయంత్రం బ్రేక్‌అవేస్ కొండలు చూడండి.

దారి దాదాపు 850 కిలోమీటర్లు. దారిలో వచ్చే గ్లెండాంబో ఊళ్లో ట్యాంకు నింపాల్సిందే, తర్వాత 250 కిలోమీటర్లు బంకు లేదు. కంగారూలు అడ్డొస్తాయి, చీకటిపడ్డాక బండి నడపొద్దు. తలకు ఈగల వల కొనుక్కోండి.